ఓపెన్‌వేక్‌వర్డ్: ఏడాదిన్నర తర్వాత, ముఖ్యంగా ఆ వెరిఫయర్ గురించి

కోవూరులో మా ఇంట్లో ఓపెన్‌వేక్‌వర్డ్ (పిలుపు మాట వినగానే గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) ఏడాదిన్నరగా రాత్రీపగలూ నడుస్తోంది. ఇన్‌స్టాల్ సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది వెరిఫయర్ గురించే, అంటే పిలిచింది మన మనిషి గొంతేనా అని రెండోసారి చూసే చిన్న మోడల్ గురించి. అది లేకపోతే రెండో వారానికే అంతా పీకేసేవాడిని.

నాయనకి మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక, రాత్రిపూట స్విచ్ దాకా నడిచే పని లేకుండా పిలిస్తే లైటు వెలగాలని రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టాను. రెడీగా దొరికే 'హే జార్విస్' మోడల్. నేను పిలిస్తే స్కోరు (అది పిలుపేనని మోడల్‌కున్న నమ్మకం, 0 నుంచి 1 దాకా) 0.9 వచ్చేది, ఆయన 'ఏయ్ జార్వీసూ' అంటే 0.3 దాటేది కాదు. ఈ మోడళ్ళు నేర్చుకున్నది కంప్యూటర్ పలికించిన ఇంగ్లీషు గొంతులతో, మా నాయన పిలుపు వాటికేం తెలుసు! లైటు వెలగాలంటే స్కోరు దాటాల్సిన హద్దుని 0.5 నుంచి 0.25కి దించాను. ఇంక ఆ సాయంత్రం నుంచి టీవీ సీరియల్లో ఎవరు అరిచినా లైటు వెలిగేది. ఒకరోజు అర్ధరాత్రి వీధిలో ఎవరో ఎవర్నో కేకేస్తే వెలిగింది, నాయన ఉలిక్కిపడి లేచి "తీసేయి అబ్బయ్యా, నేను చీకట్లోనే పోతాలే" అన్నారు. చాలా బాధేసింది.

అప్పుడు వెరిఫయర్ పట్టుకున్నాను. పిలుపు క్లిప్పులు కనీసం మూడు, పిలుపు లేని మామూలు మాటలు ఓ పది సెకన్లు ఉంటే చాలు. నేను పన్నెండు పిలుపులు తీసుకున్నాను, మామూలు మాటలకి ఆయన చిన్నాన్నతో ఫోన్లో ధాన్యం రేటు మాట్లాడుతుంటే అదే మైకులో రికార్డు చేశాను. అసలు మోడల్‌కి కాస్త అనుమానం రాగానే, అది ఆయన గొంతేనా అని వెరిఫయర్ చూసి తన స్కోరు ఇస్తుంది. ఆ రాత్రి మంచం మీది నుంచి పిలిచారు, వెలిగింది. టీవీ ఎంత మోగినా కదల్లేదు.

అప్పట్లో తిరుగులేదని అందరికీ చెప్పాను గానీ, మరీ అంత కాదు. జలుబు చేసిన వారం నాయనకి పలకలేదు. అమ్మకి పలకకపోతే ఆమె క్లిప్పులు కలిపి మళ్ళీ ట్రైన్ చేశాను, సంక్రాంతికి వచ్చిన పిల్లలకి అసలు పలకలేదు. మే నెలలో ఫ్యాన్ ఫుల్లో పెడితే తడబడేది, స్పీక్స్ నాయిస్ సప్రెషన్ (వెనక చప్పుడు తగ్గించేది) ఆన్ చేశాక కొంత నయం, ఒకే తీరున మోగే చప్పుడు కాబట్టి.

మాది ఇద్దరు ముగ్గురు ఉండే ఇల్లు, పని ఒక్క లైటే, అందుకే మాకు సరిపోయింది. పదిమంది వచ్చిపోయే చోట ఈ వెరిఫయర్ పనికిరాదు, పైగా రెడీమేడ్ మోడళ్ళ లైసెన్సు వ్యాపారానికి ఒప్పుకోదు. ఈ ఆదివారం అమ్మ గొంతు మళ్ళీ రికార్డు చేయాలి, పళ్ళు కట్టించుకున్నాక మాట కొంచెం మారింది.