"క్షుద్ర గుర్తులున్న మొదటి వెర్షన్" జెల్డా కార్ట్రిడ్జ్: డబ్బు కట్టేముందు చదవండి

హైదరాబాద్‌లో పాత గేములు కొనేవాళ్ళకి ఈ మధ్య ఒక ప్రకటన తరచూ కనబడుతోంది. నింటెండో 64 (ఎన్64) అనే గేమ్ కన్సోల్‌కి 1998లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్', అందులోనూ "నిషేధించిన మంత్రాలు, క్షుద్ర గుర్తులు ఉన్న 1.0 వెర్షన్" అంటున్నారు. మామూలు కార్ట్రిడ్జ్‌కి (కన్సోల్‌లో పెట్టే గేమ్ డబ్బాకి) నాలుగింతల ధర. తీరా చేతికొచ్చే డబ్బాలో ఉండేది నకిలీ సర్క్యూట్ బోర్డు.

ముందు ఆ మంత్రాల సంగతి. గేములోని ఫైర్ టెంపుల్ అనే గుడిలో వచ్చే సంగీతంలో వినిపించే గొంతులకీ క్షుద్రానికీ సంబంధం లేదు. అవి ఇస్లాం ప్రార్థనల ముక్కలు, సంగీతం చేసేవాళ్ళ కోసం బజారులో అమ్మే శబ్దాల శాంపిల్ సీడీలోంచి తీసుకున్నవి. 1.0, 1.1 వెర్షన్లలో ఉన్నాయి, 1.2లో తీసేశారు. గేముల్లో మతపరమైనవి వద్దన్నది నింటెండో పద్ధతి. గేములో ఉండే మిర్రర్ షీల్డ్ అనే డాలు మీది నెలవంక, నక్షత్రం గుర్తు మాత్రం ఎన్64 మూడు వెర్షన్లలోనూ ఉంది, నింటెండో తర్వాతి కన్సోల్ గేమ్‌క్యూబ్‌కి వచ్చాకే మారింది. కాబట్టి ఆ డాలు ఫొటో పంపితే 1.0 అని నమ్మకండి.

"పాట తిరగేస్తే శాపం వినిపిస్తుంది" అని కూడా చెప్తున్నారు. ఆ పాట గేములోని జెల్డా లాలిపాట, దాని బాణీ 1991 గేమ్ నుంచీ ఈ సిరీస్‌లో ఉంది. 2011లో ఇదే సిరీస్‌లో వచ్చిన స్కైవర్డ్ స్వోర్డ్ గేమ్ ప్రధాన గీతానికి అదే బాణీని తిరగేసి వాడారు. అంత అందమైన పనిని శాపమని అమ్ముకోవడం చూస్తే కడుపు మండుతుంది.

అసలు మోసం వీడియోలో ఉంది. ఫైర్ టెంపుల్ ఆడించి గొంతులు వినిపిస్తారు. దాన్నిబట్టి లోపలున్న గేమ్ ఫైల్ ఏదో తెలుస్తుందంతే. 1.0 ఫైల్‌ని కొత్త బోర్డుకి ఎక్కించి పాత డబ్బాలో బిగించినా అవే గొంతులు వస్తాయి.

అందుకే విప్పి చూపించమనండి. వెనక రెండు స్క్రూలకి 3.8 మి.మీ. గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొన కావాలి, మామూలు స్టార్ స్క్రూలు కనిపిస్తే అక్కడే అనుమానించాలి. అసలుదానిలో బోర్డుకి రెండు వైపులా లోహపు రేకులు, సేవ్ కోసం సీఆర్2032 బ్యాటరీ, 'సీఐసీ-ఎన్‌యూఎస్-6105' అని రాసున్న లాకౌట్ చిప్ (కార్ట్రిడ్జ్‌ని కన్సోల్ ఒప్పుకోవడానికి కావలసినది) ఉంటాయి. 7105 అని ఉంటే అది యూరప్ కార్ట్రిడ్జ్, అమెరికా కన్సోల్‌లో ఆడదు. రేకులు లేకుండా, చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు బొట్టు ఉంటే లేచి వచ్చేయండి. సేవ్ నిలవనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, ఇన్నేళ్ళ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు.

"అమీర్‌పేట్ మెట్రో దగ్గర కలుద్దాం, సగం ఇప్పుడే యూపీఐ చెయ్యండి" అంటే ఒప్పుకోకండి. స్టేషన్ మెట్ల మీద ఏం పరీక్షిస్తారు? కన్సోల్, టీవీ ఉన్నచోటే కలవండి. అమెరికా ఎన్64 అడాప్టర్ 120 వోల్టులది, మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో ముందే అడగండి.

ఇప్పటికే డబ్బు పంపేసినవాళ్ళు చాట్, ప్రకటన, లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్లు తీసి, ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అమ్మినవాడు బ్లాక్ చేసేదాకా ఆగొద్దు.