ఎల్క్ ఫోమ్ బొమ్మ: సరుకు గట్టిదే, మీదున్న గీతే తప్పు

రెండేళ్ల కింద మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, నేను చెరి సగం వేసుకుని బాణాల సాధన కోసం 900 డాలర్లకు ఎల్క్ (జింక జాతిలో ఒక పెద్ద జంతువు) ఆకారంలో ఉన్న ఫోమ్ టార్గెట్ కొన్నాం. ఆయన ముప్ఫై ఏళ్లుగా కొలరాడోలో విల్లుతో వేటాడుతున్నాడు. నేను మొదలుపెట్టి నాలుగేళ్లు. ఇక్కడ అమెరికాలో ఉండి, అలాంటి బొమ్మ కొనాలనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఫోమ్ బాగుంది. నడుము ముక్క విడిగా ఊడి వస్తుంది, అరిగిపోతే అదొక్కటే మార్చుకోవచ్చు. రెండు వేసవులు దాదాపు రోజూ కొట్టినా ఇంకా బాణాన్ని ఆపుతోంది. ఎండలు ముదిరినప్పుడు మాత్రం ఫోమ్ కరిగి బాణానికి అతుక్కునేది, లాగడానికి ఇద్దరం పట్టేవాళ్లం. బాణం ముందు భాగానికి సబ్బు బిళ్ల రుద్దితే ఆ ఇబ్బంది పోయింది. వేటకు వాడే బ్రాడ్‌హెడ్‌లతో (పదునైన బ్లేడ్లున్న బాణపు మొనలు) రోజూ కొట్టకండి, ఫోమ్‌ను కోసి పారేస్తాయి. కొమ్ములు ప్లాస్టిక్‌వి. తీసి గ్యారేజీలో పెట్టాం.

నా బాధంతా దాని పక్కన చెక్కిన గుండ్రటి గీత గురించే. బాణం అందులో పడితే ప్రాణం ఉన్న చోట తగిలినట్టు లెక్క. కానీ అది ముంగాలికి చాలా వెనక, ఒంటికి సగం ఎత్తులో ఉంది. బతికున్న ఎల్క్‌లో అది ఊపిరితిత్తుల వెనక అంచు. ఇంకొంచెం వెనక్కి పోతే లివర్, ఆ వెనక పొట్ట.

మొదటి వేసవంతా ఆ గీతనే చూస్తూ కొట్టాను. కన్ను దానికే అలవాటు పడింది. సెప్టెంబరులో కొలరాడోలోని మీకర్ ఊరి పైనున్న అడవిలో 32 గజాల దూరాన ఒక ఆడ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడితే, విల్లు మీద గురి చూసే నా పిన్ తిన్నగా గీత ఉండే చోటికే పోయింది. వదిలే క్షణంలో అది అర అడుగు ముందుకు కదిలింది. బాణం అవతలికి దూసుకుపోయింది. తీసి చూస్తే నెత్తురు ముదురు ఎరుపు. ఊపిరితిత్తులకు తగిలితే నెత్తురు లేత ఎరుపులో, నురగతో ఉంటుంది. పొట్టకు తగిలితే పచ్చటి పసరు, వాసన. ఇది లివర్ అని పెద్దాయన చూడగానే చెప్పాడు. అయిదు గంటలు కదలొద్దన్నాడు. తొందరపడి వెంటపడితే పడుకున్న జంతువు లేచి మైళ్ల దూరం పోతుంది, ఇక దొరకదు. చెట్టు కింద ఆ అయిదు గంటలు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. చివరికి 300 గజాల లోపే దొరికింది. రెండు ఊపిరితిత్తులకూ తగిలి ఉంటే నిమిషం తిరగకుండా పడిపోయేది. నా వల్ల అది అంతసేపు నొప్పి పడింది. ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కోసేటప్పుడు కార్జంలో బెజ్జం కనిపించింది. కరీంనగర్ దగ్గర మా ఊళ్లో పండగకు యాటను కోసి పోగులు వేస్తుంటే పక్కనే కూర్చుని చూసినవాణ్ని నేను. ఎల్క్ అయినా యాట అయినా నెమరు వేసే జంతువే, లోపలి అమరిక ఒకటే. ముందు గదిలో ఊపిరితిత్తులు, వాటి కింద ముంగాళ్ల మధ్య గుండె, తర్వాత పలుచటి పొర, దాని వెనక కార్జం, బోటి. ఇంత తెలిసీ ఫోమ్ మీది గీతను నమ్మాను.

ఆ ఎల్క్ రెక్క ఎముకను, దాని కింది జబ్బ ఎముకను ఉడకబెట్టి, శుభ్రం చేసి బొమ్మ మీద ఆనించి చూశాం. బొమ్మ అసలుకన్నా కొంచెం చిన్నది, అచ్చంగా సరిపోలేదు. కానీ వంపు తెలిసింది. ముంగాలి పైన ఎముక స్తంభంలా నిలువుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెక్క ఎముక వెన్ను దగ్గర మొదలై ముందుకు వాలుతూ దిగుతుంది. అక్కడి నుంచి జబ్బ ఎముక వెనక్కి వంగి మోచేతి దాకా వస్తుంది. ఆ వంపు లోపల ఉన్నది కండ, పక్కటెముకలు, వాటి వెనకే ఊపిరితిత్తులు. అలాగని నేను ఆ వంపులోకి గురిపెట్టను. నాది లాగడానికి 60 పౌన్ల బలం పట్టే విల్లు, రెండంగుళాలు ముందుకు పోతే కీలు ఎముకకు తగిలి ఆగిపోవచ్చు. ముంగాలి వెనక అంచు వెంబడి పైకి పోయి, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తులో గురి చూస్తాను. పైకి పోతే ఊపిరితిత్తులు, కిందికి జారితే గుండె.

అదీ జంతువు సరిగ్గా పక్కకు తిరిగి ఉంటేనే. తల అవతలికి, వెనక భాగం మనవైపు ఉండేలా ఏటవాలుగా నిలబడితే గీత ఎక్కడున్నా పనికిరాదు, అవతలి ముంగాలి దగ్గర బాణం బయటికి వచ్చేలా చూడాలి. బొమ్మను కొంచెం తిప్పి నిలబెట్టి రోజూ ఇదే సాధన చేస్తున్నాం. ఎదురుగా నిలబడ్డ ఎల్క్‌ను నేను కొట్టను.

కంపెనీకి ఫొటోలతో రాశాను, జవాబు లేదు. నేను చూసిన మరో రెండు బొమ్మల మీదా గీత ఇలాగే వెనక్కి ఉంది. గోధుమరంగు స్ప్రేతో మా గీతను పూర్తిగా కప్పేశాం. పోయిన సెప్టెంబరులో 26 గజాల నుంచి వేసిన బాణానికి ఒక ఆడ ఎల్క్ నా కళ్ల ముందే నలభై అడుగులు నడిచి కూలింది. మాంసం పోగులు వేసి నాలుగిళ్లకు పంచాం.

ఫోమ్ కోసం ఈ బొమ్మ కొనండి. మొదటి బాణం వేయకముందే ఆ గీతకు పెయింట్ కొట్టేయండి.