పాత్రకు నప్పని నటుణ్ణి ఊహించుకోవడం: ఏ పద్ధతి మేలు?

ప్రసిద్ధమైన పాత్ర ఒకదాన్ని దానికి ఏమాత్రం నప్పని నటుడి చేత వేయించినట్లు ఊహించుకుని నవ్వుకోవడం సినిమా అభిమానులకు ఎప్పటినుంచో ఉన్న వినోదం. చూడటానికి తేలికగా కనిపించినా, అందరి ఊహలూ ఒకేలా పండవు. కొన్ని చెప్పిన క్షణంలో నవ్వించి మరుక్షణంలోనే చప్పబడిపోతాయి. కొన్ని మాత్రం సన్నివేశం వెంట సన్నివేశంగా పెరుగుతూ పోయి, అసలు చిత్రాన్ని మళ్లీ ఒకసారి చూడాలన్న కోరికను పుట్టిస్తాయి. ఈ తేడా ఎంచుకున్న నటుడి వల్ల కంటే ఎంచుకున్న పద్ధతి వల్లే ఎక్కువగా వస్తుందని నా అభిప్రాయం. పాత్ర స్వభావానికి పూర్తిగా విరుద్ధమైన నటుణ్ణి బయటి నుంచి తెచ్చి కూర్చోబెట్టడం ఒక పద్ధతి. అదే చిత్రంలో నటించినవారి పాత్రలను తమలో తాము మార్చుకునేలా చేయడం రెండవది. పాత చిత్రాన్ని ఎవరో మళ్లీ తీస్తున్నట్లు భావించి, ఆ రీమేక్‌కు తగని తారాగణాన్ని సమకూర్చడం మూడవది. వీటిలో రెండవదే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే మిగిలినవాటికి ఉన్న సుగుణాలను చెప్పకుండా దాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు.

మొదటి పద్ధతికి ఉన్న గొప్ప బలం వేగం. నటుడి పేరు, పాత్ర పేరు పక్కపక్కన చెబితే చాలు, వివరణ అక్కర లేకుండానే నవ్వు వస్తుంది. పోతన, త్యాగయ్య, వేమన వంటి పాత్రలతో భక్తికీ శాంతానికీ మారుపేరైన చిత్తూరు నాగయ్య గారిని 1951 నాటి "పాతాళభైరవి"లో నేపాళ మాంత్రికుడిగా ఊహించుకోండి. సాహసవంతుడైన యువకుణ్ణి దేవికి బలి ఇవ్వాలని చూసే క్రూరుడు ఆ మాంత్రికుడు. నాగయ్య గారు ఆ కరుణ నిండిన కళ్లతో, ఆ తడి గొంతుతో తోట రాముణ్ణి గుహ వైపు నడిపిస్తూ ఉంటే, ప్రతి ఆజ్ఞా ఆశీర్వచనంలా వినిపిస్తుంది; చివరికి ఆయనే పశ్చాత్తాపంతో బలిపీఠం మీద తల ఉంచుతారేమోనని ప్రేక్షకులు కంగారు పడతారు. దీనికి ఎదురుగా, దుష్టపాత్రలకు పెట్టింది పేరైన రాజనాల గారిని పోతన పాత్రలో నిలబెడితే, భాగవతాన్ని నరులకు అంకితం ఇవ్వనని ఆయన ఎంత వినయంగా చెప్పినా దాని వెనుక ఏదో పన్నాగం ఉందన్న అనుమానం ఎవరినీ వదలదు.

ఈ ఊహలు బాగానే ఉన్నాయి, కానీ ఇక్కడితో ఆగిపోతాయి. మాంత్రికుడి తర్వాతి సన్నివేశంలోనూ నాగయ్య గారు అదే కరుణ చూపిస్తారు. అంటే రెండవ నవ్వు మొదటి నవ్వుకు పునరుక్తి మాత్రమే అవుతుంది. మరొక చిక్కు కూడా ఉంది. విరుద్ధంగా కనిపించే నటుడు నిజంగానే ఆ పాత్రను గెలిపించిన సందర్భాలు సినిమా చరిత్రలో చాలా ఉన్నాయి. 1989లో వచ్చిన "బ్యాట్‌మ్యాన్" చిత్రానికి, అప్పటికి హాస్యపాత్రలతో పేరు తెచ్చుకున్న మైఖేల్ కీటన్‌ను ఎంపిక చేసినప్పుడు నిర్మాణ సంస్థకు నిరసన ఉత్తరాలు వేల సంఖ్యలో వచ్చాయి. చిత్రం విడుదలయ్యాక అదే ఎంపిక ప్రశంసలు అందుకుంది. ఎన్నో ఏళ్లు మంచితనానికి ప్రతిరూపంగా కనిపించిన హెన్రీ ఫోండా 1968లో సెర్జియో లియోనె తీసిన "వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్"లో నిర్దయుడైన హంతకుడిగా భయపెట్టారు. కాబట్టి కేవలం వ్యతిరేకం కావడం వల్లనే ఎంపిక చెడ్డదైపోదు. నటుడికి సత్తా ఉంటే ఆ వ్యతిరేకతే పాత్రకు పదును అవుతుంది, అప్పుడు మన నవ్వుకు ఆధారం మిగలదు.

పైగా, ఎంత విచిత్రంగా ఊహించినా నిజం అంతకు మించిన సందర్భం ఒకటి మన ముందు ఉంది. 1956లో విడుదలైన "ది కాంకరర్" చిత్రంలో చెంఘిజ్ ఖాన్ పాత్రను కౌబాయ్ చిత్రాల కథానాయకుడు జాన్ వేన్ ధరించారు. మంగోల్ వీరుడి వేషం వేసుకున్నా ఆయన నడకా, మాట తీరూ మాత్రం గుర్రాల మీద అమెరికా మైదానాలు తిరిగిన మనిషివిగానే ఉండిపోయాయి. ఈ పద్ధతిలో ఒక ప్రమాదాన్ని కూడా గమనించాలి. 1961 నాటి "బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్"లో మిక్కీ రూనీ చేత కృత్రిమ దంతాలతో జపాన్ జాతీయుడి వేషం వేయించి నవ్వించబోయారు. అది ఒక జాతి ముఖకవళికలను ఎగతాళి చేయడంగా మిగిలింది, దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ ఆ తర్వాతి కాలంలో దాని గురించి విచారం వ్యక్తం చేశారు. బక్కపలచని మనిషిని భీముడిగా, పొట్టి మనిషిని వామనుడికి బదులు త్రివిక్రముడిగా ఊహించడం కూడా ఈ దారినే పోతుంది. అక్కడ నవ్వు నటన మీద కాక శరీరం మీద పడుతుంది. అటువంటి ఊహను నేను వినోదంగా లెక్కించను.

రెండవ పద్ధతిలో ఈ లోపాలు చాలావరకు లేవు. నటులు కొత్తవారు కారు, కథ మారదు, సంభాషణలు మారవు. ఎవరి ముందు ఎవరు నిలబడ్డారన్నది మాత్రమే మారుతుంది. 1962లో వచ్చిన "గుండమ్మ కథ"లో సూర్యకాంతం గారు గుండమ్మగా, సావిత్రి గారు ఆమె సవతి కూతురు లక్ష్మిగా నటించారు. ఈ ఇద్దరి పాత్రలనూ మార్చి చూడండి. ఇంటెడు చాకిరీ చేస్తూ, సవతి తల్లి మాటలన్నీ నోరు మెదపకుండా భరించే లక్ష్మిగా సూర్యకాంతం గారు తల వంచుకుని నిలబడ్డారనుకుందాం. ఆమె మౌనాన్ని ప్రేక్షకులు సహనంగా భావించరు, పిడుగు పడబోయే ముందు గాలి స్తంభించినట్లు భావిస్తారు. ఆ ఎడమచేయి ఎప్పుడు లేస్తుందోనని గుండమ్మ కోసమే అందరూ భయపడతారు. పనివాడి వేషంలో ఆ ఇంటికి వచ్చిన అంజి, లక్ష్మి కష్టాలు చూసి జాలిపడటానికి బదులు, తనకే ఏదైనా రక్షణ దొరుకుతుందేమోనని ఆమె వెనుక నిలబడవలసి వస్తుంది.

రెండవ సగం ఇంకా బాగుంటుంది. గుండమ్మగా సావిత్రి గారు సవతి కూతుర్ని కసురుతూనే ఉంటారు, కానీ కసిరిన ప్రతిసారీ ఆ పెద్ద కళ్లలో నీరు నిలుస్తుంది. తిట్టినందుకు ఆమె పడే బాధ తిట్లు తిన్నవారి బాధ కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు ప్రేక్షకుల జాలి మొత్తం గుండమ్మ పక్షానికి వెళ్లిపోతుంది. ఆమెకు బుద్ధి చెప్పాలని మారువేషాల్లో వచ్చిన అంజి, రాజా అనే అన్నదమ్ములు, అమాయకురాలైన ఒక స్త్రీ ఇంట్లో చేరి ఆమెను ఏడిపించే దుర్మార్గులుగా తేలతారు. ఒక్క మార్పుతో నాయకులు ప్రతినాయకులవుతున్నారు. ఒక్క సంభాషణ కూడా మార్చకుండా కథ తలకిందులు కావడంలో ఉన్న ఆనందం మొదటి పద్ధతి ఎన్నటికీ ఇవ్వలేదు. అంతేకాదు, ఈ ఊహ సూర్యకాంతం గారి పట్ల గౌరవాన్ని పెంచుతుంది. ఆమె గుండమ్మ గయ్యాళితనం కింద ఒక అమాయకత్వాన్ని దాచి ఉంచారు కనుకనే, ప్రేక్షకులు ఆ పాత్రను ద్వేషించకుండా ఆమె పాట్లకు నవ్వగలిగారు. ఆ సంగతి పాత్రలు తారుమారు చేసి చూసినప్పుడే స్పష్టంగా తెలుస్తుంది.

కె.వి. రెడ్డి గారి "మాయాబజార్" (1957) ఈ పద్ధతికి ఇంకా పెద్ద నిధి. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు గారు, లక్ష్మణకుమారుడిగా రేలంగి గారు ఉన్న ఆ చిత్రంలో వారిద్దరినీ మార్చితే ఏమవుతుంది? రేలంగి గారి ఘటోత్కచుడు తన అడవిలోకి వచ్చిన అభిమన్యుణ్ణి అడ్డగించబోయి, అతను విల్లు ఎక్కుపెట్టేలోపే దారి చూపించి పంపేస్తాడు. ఇక రంగారావు గారి లక్ష్మణకుమారుడు పెళ్లికొడుకై విడిదిలో అడుగుపెడితే, తండ్రి దుర్యోధనుడే అప్రయత్నంగా లేచి నిలబడతాడు. మాయాశశిరేఖ ఎన్ని చేష్టలు చేసినా ఆ వరుడు హడలిపోడు. అతను హడలిపోకపోతే పాండవపక్షం పన్నిన ఉపాయం పారదు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, ఇంత గంభీరుడైన రాకుమారుణ్ణి వద్దనడం ఎందుకని శశిరేఖ తల్లిదండ్రుల పక్షాన ప్రేక్షకులు కూడా చేరిపోతారు. కథకు కావలసింది మంచి వరుడు కాదు, నవ్వులపాలు కాగల వరుడు. రేలంగి గారు ఆ పాత్రలో ఎంత బరువు మోశారో ఇక్కడ అర్థమవుతుంది.

అయితే ఈ పద్ధతిలోనూ జాగ్రత్త కావాలి. సమ ఉజ్జీలను మార్చితే ఏమీ జరగదు. "గుండమ్మ కథ"లో అంజిగా రామారావు గారికి బదులు నాగేశ్వరరావు గారిని, రాజాగా నాగేశ్వరరావు గారికి బదులు రామారావు గారిని పెడితే చిత్రం కొంత వేరుగా ఉంటుంది కానీ నవ్వు రాదు. ఇద్దరూ ఆ పాత్రలను చక్కగానే నడిపించేవారు. మార్పు కొన్నిసార్లు మేలు కూడా చేయవచ్చు. 1955 నాటి "మిస్సమ్మ"లో కథానాయిక పాత్రకు మొదట భానుమతి గారిని తీసుకున్నారు, సావిత్రి గారిది అందులో రెండవ నాయిక పాత్ర. భానుమతి గారు తప్పుకున్నాక సావిత్రి గారు మేరీ అయ్యారు, ఆమె వదిలిన పాత్ర జమున గారికి వచ్చింది. ఆ మార్పు తెలుగువారికి ఇచ్చిన సావిత్రిని గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. అందువల్ల నవ్వు కోరేవారు ఎదురెదురుగా నిలబడే పాత్రలనే ఎంచుకోవాలి. ఒకరు అణచేవారూ మరొకరు అణగేవారూ, ఒకరు భయపెట్టేవారూ మరొకరు భయపడేవారూ అయి ఉండాలి.

మూడవ పద్ధతి, అంటే రీమేక్ ఊహ, ఆకర్షణీయమే కానీ నాకు అంతగా రుచించదు. దానికి కారణం వాస్తవమే ఆ ఆట ఆడేసింది. హిచ్‌కాక్ 1960లో తీసిన "సైకో"ను గస్ వాన్ శాంట్ 1998లో దాదాపు ప్రతి షాట్‌నూ అనుసరిస్తూ మళ్లీ తీశారు. ఆంథొనీ పెర్కిన్స్ చేసిన హంతకుడు నార్మన్ బేట్స్ పాత్రను విన్స్ వాన్‌కు ఇచ్చారు. సన్నగా, బిడియంగా, తడబడుతూ మాట్లాడే పెర్కిన్స్‌ను చూసి ఎవరూ మొదట అనుమానపడలేదు. భారీకాయుడైన విన్స్ వాన్ ఎదురుపడితే అనుమానానికి అంతసేపు ఆగనక్కర లేదు. మిగిలినదంతా దాదాపు యథాతథంగా ఉన్నందువల్ల, నటుడు మారితే ఏం మారుతుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఇక 1975 నాటి "షోలే"లో జై పాత్ర ధరించిన అమితాబ్ బచ్చన్, 2007లో రాంగోపాల్ వర్మ అదే కథతో తీసిన చిత్రంలో గబ్బర్ సింగ్‌కు మారుగా వచ్చిన బబ్బన్ అనే పాత్ర ధరించారు. విమర్శకులూ ప్రేక్షకులూ కూడా ఆ చిత్రాన్ని తిరస్కరించారు. ప్రేక్షకులు అమితంగా ప్రేమించిన వీరుణ్ణే అతను ఎదిరించిన దుర్మార్గుడిగా చూపడం మిత్రుల మధ్య చెప్పుకోవడానికి అద్భుతమైన ఊహ. తెర మీద మాత్రం నిలవలేదు. రీమేక్ ఊహలో మరో ఇబ్బంది, మామూలుగా కాలం, వేషం, భాష, కథాస్థలం అన్నీ కలిసి మారతాయి. నవ్వు నటుడి వల్ల వచ్చిందో మిగిలిన మార్పుల వల్ల వచ్చిందో తేల్చుకోలేం.

అన్ని పాత్రలనూ ఒక్కరికే ఇచ్చేయాలన్న ఊహ కూడా కొందరు చేస్తుంటారు. దాని మీద ఎక్కువసేపు నిలవనక్కర లేదు. నాగేశ్వరరావు గారు 1966లో "నవరాత్రి"లో తొమ్మిది పాత్రలు, రామారావు గారు 1977లో "దానవీరశూరకర్ణ"లో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడూ ధరించి మెప్పించాక, అది చెడ్డ ఎంపికకు ఉదాహరణగా పనికిరాదు.

కూర్చున్నవారికి పాత చిత్రాలతో పరిచయం తక్కువైతే మొదటి పద్ధతే నయం, ఎందుకంటే రెండు పేర్లు తెలిస్తే చాలు. చిత్రాన్ని పదిసార్లు చూసినవారు ఇద్దరు కలిస్తే రెండవదాన్ని విడిచిపెట్టకూడదు. ఈ రెండవ పద్ధతిని మనకంటే ముందే "మాయాబజార్" కర్తలు కథలోనే వాడుకున్నారన్నది నాకు దాని మీద ఉన్న ఇష్టానికి అసలు కారణం. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక, సావిత్రి గారు ఆ సుకుమారమైన ఆకారంలో రంగారావు గారి నడకనూ, చూపునూ, మీసం లేని చోట మీసం దువ్వే దర్పాన్నీ పలికించారు. అంటే ఒక నటుడికి చెందిన పాత్రను దానికి ఏమాత్రం నప్పని శరీరంలో పెట్టి నవ్వించారు, ఆ నవ్వు ఎవరినీ కించపరచలేదు. కానీ చిత్రం ఇందులో సగమే చూపించింది. రెండవ సగాన్ని, అంటే ఘటోత్కచుడి ఆకారంలో శశిరేఖ ఉండటాన్ని మనం పూరించుకోవచ్చు. గదను పక్కన పెట్టి, కాలి బొటనవేలితో నేల రాస్తూ, అభిమన్యుడి అడుగుల చప్పుడుకు చెట్టు చాటుకు తప్పుకునే రంగారావు గారిని ఊహించుకుంటే, ఆయన ఆ సిగ్గును నిజంగానే పండించి ఉండేవారని నాకు అనిపిస్తుంది. అభిమన్యుడిగా ఎదురుగా నిలబడిన నాగేశ్వరరావు గారు మాత్రం ఆ సన్నివేశాన్ని నవ్వకుండా పూర్తి చేయగలిగేవారు కారు.