పరిహారం చెక్కా, ఊరి సభా, ఎదురెదురు మాటా: ఏది మేలు?

2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో, పుల్లూరి ప్రసాదరావు హైదరాబాద్‌లో లొంగిపోయారు. ఇద్దరిదీ పెద్దపల్లి వైపే. ‘అన్నలు’ తిరిగొస్తున్నారు సరే, వాళ్ల తుపాకికి మనిషిని పోగొట్టుకున్న ఇల్లు వాళ్లను ఎట్లా ఒప్పుకోవాలె?

సర్కారుకు తెలిసిన దారి డబ్బు. తల మీది రివార్డు లొంగిపోయినవాళ్లకే ఇస్తారు. కేంద్ర కమిటీ సభ్యుడైతే 25 లక్షలు. హతుడి కుటుంబానికి కేంద్ర పథకం కింద వచ్చేది 5 లక్షలు. అదీ నక్సల్ బాధితులకు 2009 నుంచే వర్తించింది, మన జిల్లాల్లో చావులేమో ఎక్కువ అంతకు ముందువి. ఈ తేడా సరిచేయాల్సిందే. కానీ డబ్బుతోనే కడుపుమంట చల్లారదు.

రెండోది ఊరి సభ. మారణహోమం తర్వాత రువాండాలో ‘గచాచా’ పేరుతో ఊరూరా జనం ముందే లక్షల కేసులు విచారించి, 2012లో ముగించారు. చదువుతుంటే బాగనిపిస్తుంది. మన దగ్గర మాత్రం నాకు భయం. ములుగు, భూపాలపల్లి పల్లెల్లో జనాన్ని ఒకచోట కూడేసి నేరం చదవడమంటే అన్నలు పెట్టిన ప్రజాకోర్టే గుర్తొస్తది. తండ్రికి అట్లాంటి చోటే శిక్ష పడితే, కూతురిని మళ్లా అదే చెట్టు కిందికి ఎట్లా పిలుస్తాం?

మూడోది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం, దాని వైపే నా మొగ్గు. 2011లో స్పెయిన్‌లోని నాంక్లారెస్ జైలులో, ఈటీఏ అనే బాస్క్ వేర్పాటువాద సాయుధ సంస్థను వదిలేసినవాళ్లతో బాధితులు మధ్యవర్తి సమక్షంలో విడివిడిగా మాట్లాడారు. మైషాబెల్ లాసా అట్లనే తన భర్తను చంపినవాళ్లలో ఒకాయనతో కూర్చున్నారు. కలిసినందుకు ఖైదీకి శిక్షలో రాయితీ లేదు. అందుకే ఆ మాటకు విలువ. ఇష్టం లేనివాళ్లు రాకపోవచ్చు, వచ్చినా క్షమించాలని లేదు.

అయితే ఇక్కడ ఇంకో ముడి ఉంది. అన్నలు శవం పక్కన రాయి కింద ‘ఇన్ఫార్మర్’ అని చీటీ పెట్టిపోయేవాళ్లు. మనిషిని మట్టి చేసినా ఆ పేరు ఇంటిని వదల్లేదు, పిల్లలు బడిలో కూడా ఆ మాట పడ్డారు. నాలుగు గోడల మధ్య ‘తప్పయింది’ అంటే అది పోదు. నింద ఊరంతటి ముందు వేశారు, కాబట్టి కుటుంబం సరేనంటే, అది అబద్ధమని తెలిసినవాడు ఆ మాట ఊరంతటికీ చెప్పాలె. సభ అక్కర్లేదు, సంతకం చేసిన కాగితం గ్రామపంచాయతీ గోడకు అంటించినా చాలు. (ఎన్‌కౌంటర్లలో కొడుకులను పోగొట్టుకున్న తల్లులూ ఇట్లాంటి నిజమే అడుగుతున్నారు, వాళ్లకు చెప్పాల్సింది సర్కారు.)

చిక్కల్లా మధ్యవర్తి దగ్గరే. పోలీసు కూర్చుంటే విచారణలెక్క ఉంటది, లీడర్ అయితే ఫొటో దిగి పోతాడు. రెండిళ్లకూ తెలిసిన రిటైర్డ్ టీచర్ ఎవరైనా ముందుకొస్తే అంతకన్నా ఏం కావాలె.