వెలోగేమ్స్: పైసా ఖర్చు లేని సైకిల్ రేసుల ఫాంటసీ లీగ్, మా బ్యాచ్ అనుభవం

ఫాంటసీ లీగ్ అనగానే మన దగ్గర అందరికీ క్రికెటే గుర్తొస్తుంది, దాని వెంటే డబ్బులు గుర్తొస్తాయి. తెలంగాణలో ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పెట్టడం 2017 నుంచే నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. నేను చెప్పేది ఆ రకం ఆట కాదు. వెలోగేమ్స్ అని ఒక సైట్ ఉంది, టూర్ డి ఫ్రాన్స్ లాంటి పెద్ద సైకిల్ రేసులకు అందులో ఉచితంగా జట్టు కట్టుకుని ఆడొచ్చు. మా బ్యాచ్ చిన్నదే: హన్మకొండలో నేను, కరీంనగర్‌లో మా బావ, కాజీపేటలో రైల్వేలో పనిచేసే అన్న, ఇంటర్ చదువుతున్న ఆయన బిడ్డ, నర్సంపేట నుంచి ఒక దోస్తు. ఆదివారం పొద్దున్నే ధర్మసాగర్ దాకా సైకిళ్లు తొక్కే అలవాటు నుంచి మొదలైంది ఈ పిచ్చి. ఇప్పుడు మా ఇళ్లల్లో జులై అంటే వానలతో పాటు టూర్ కూడా.

ముందు ఆట ఎట్లా ఉంటుందో చెప్తా. చేతిలో 100 క్రెడిట్లు ఉంటాయి, వాటితో తొమ్మిది మంది రైడర్లను కొనుక్కోవాలి. ఆల్‌రౌండర్లు ఇద్దరు, కొండలెక్కే క్లైంబర్లు ఇద్దరు, గీత దగ్గర దూసుకెళ్లే స్ప్రింటర్ ఒకరు, ఏ కోవలోకీ రానివాళ్లు ముగ్గురు, చివరి చోటు మన ఇష్టం. స్టార్ రైడర్ల ధర మస్తుగా ఉంటుంది, అట్టడుగున నాలుగు క్రెడిట్లకే దొరికేవాళ్లూ ఉంటారు. బతుకమ్మ పండక్కి ఇంటిల్లిపాదికీ బట్టలు కొన్నట్టే, ఒకరికి పట్టుచీర తీస్తే మిగతావాళ్లకు సర్దుకోక తప్పదు. అసలు కీలకం ఏంటంటే, మొదటి స్టేజీ, అంటే మొదటి రోజు రేసు, మొదలయ్యాక జట్టు మార్చడానికి లేదు. 21 స్టేజీలు, మూడు వారాలు, ఆ తొమ్మిది మందే. ఎవరైనా పడిపోయి ఇంటికెళ్లిపోతే వాళ్ల చోటు ఖాళీగానే ఉంటుంది.

నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చింది ఈ నియమమే. చాలామందికి నచ్చకపోవచ్చు, మా బావకు ఇప్పటికీ నచ్చదు. రోజూ మార్పులు చేసుకునే ఇంకో యాప్ కూడా మేం కొన్నాళ్లు చూశాం, పేరెందుకులెండి. పొద్దున ఒక నోటిఫికేషన్, మధ్యాహ్నం ఒకటి, బదిలీలకు కాయిన్లు కొనుక్కోమని ఒకటి. ఎవరికి టైం ఎక్కువుంటే వాళ్లే గెలుస్తారు అందులో. కాజీపేట అన్న షిఫ్టు డ్యూటీలో ఉండే మనిషి, ఆయన ఎక్కడ కూర్చుని రోజూ జట్టు మారుస్తాడు? వెలోగేమ్స్‌లో ఒక్క రాత్రి గట్టిగా కూర్చుంటే చాలు, తర్వాత అందరం సమానమే. ఇక మన పని రేసు చూడటం, కొట్లాడుకోవడం.

కొట్లాటలంటే 2025 టూర్ ముచ్చటే చెప్పాలి. స్ప్రింటర్ చోటు ఒక్కటే కాబట్టి అక్కడే పంతాలన్నీ. బావ యాస్పర్ ఫిలిప్సెన్‌ను తీసుకున్నాడు, నేను జొనాథన్ మిలాన్‌ను. మొదటి రోజు లీల్‌లో పక్కగాలికి గుంపు ముక్కలైంది, ఫిలిప్సెన్ గెలిచి, మొత్తం రేసులో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్నాడు. పది నిమిషాల్లో బావ ఫోన్. "ఏం బామ్మర్దీ, ఎల్లో జెర్సీ మా ఇంట్లున్నది, నీ మిలాన్ యాడున్నడు?" స్పీకర్‌లో పెట్టి మా అక్కకు కూడా వినిపించాడు. మూడో రోజు డన్‌కర్క్ వెళ్లే దారిలో, మధ్యలో వచ్చే స్ప్రింట్ దగ్గర ఫిలిప్సెన్ పడిపోయాడు. కాలర్ బోన్ విరిగింది, టూర్ అయిపోయింది. ఇక మిగిలిన 18 స్టేజీలూ బావ స్ప్రింటర్ లేకుండానే లాగాలి.

ఆ రాత్రి నేను గ్రూపులో ఒక్క మాట కూడా అనలేదు. మాకు ఒక నియమం ఉంది, పడిపోయిన రైడర్ మీద ఎవరూ జోకులు వేయొద్దు. గంటకు 60 కిలోమీటర్ల పైన పోతూ పల్చటి బట్ట ఒక్కటే ఒంటి మీదుండగా రోడ్డుకు తగిలే మనుషులు వాళ్లు. బావకు ఫోన్ చేసి "ఇంకా పర్వతాలున్నయ్ గదా బావా" అన్నాను, ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత నా జట్టులో క్లైంబర్లు ఎంత దండగో వివరంగా చెప్పాడు. సంతోషించాను, మనిషి దారిలోకొచ్చాడని. మిలాన్ తర్వాత లావాల్‌లో ఒకటి, వాలెన్స్‌లో ఒకటి గెలిచి చివరికి స్ప్రింట్ పాయింట్లలో ముందున్నవాడికిచ్చే గ్రీన్ జెర్సీ తీసుకున్నాడు. ఫోన్ చేయాల్సిన వంతు అప్పుడు నాది, చేశాను కూడా.

స్లొవేనియా స్టార్ పొగాచార్ సంగతి వేరే. 2025లో నాలుగు స్టేజీలు గెలిచి నాలుగోసారి టూర్ కొట్టాడు, వింగెగార్ మీద నాలుగు నిమిషాలకు పైగా తేడాతో. ధర అందరికంటే ఎక్కువ, అయినా మాలో దాదాపు అందరి జట్టులోనూ ఉంటాడు, కాబట్టి ఆయన ఎన్ని గెలిచినా మా మధ్య తేడా రాదు. అసలు పోటీ మిగతా ఎనిమిది మంది దగ్గర. నర్సంపేట దోస్తు ఒక్కడే పొగాచార్‌ను వదిలేసి ఆ క్రెడిట్లతో మంచి రైడర్లను నలుగురైదుగురిని సర్దుకున్నాడు. మొదటి వారం బాగానే లాక్కొచ్చాడు, పిరనీస్ కొండల్లో ఓటకామ్ మీద పొగాచార్ ఒంటరిగా వెళ్లిపోయాక ఇక కోలుకోలేదు. అయినా ఆ ధైర్యం నాకు నచ్చింది, వచ్చేసారీ అదే చేస్తానంటున్నాడు.

ఈ సైట్ పాయింట్లు ఇచ్చే పద్ధతిలో ఉన్న తెలివి గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. గెలిచినవాళ్లకే కాదు, గెలిచినవాడి జట్టు సభ్యులకూ అసిస్ట్ పాయింట్లు వస్తాయి. రోజు మొదట్లోనే గుంపు వదిలి ముందుకెళ్లే బ్రేక్‌అవేలో ఉన్నవాళ్లకూ వస్తాయి. దీనివల్ల రేసు చూసే కన్నే మారిపోతుంది. నీల్స్ పొలిట్ అని ఒక జర్మన్ రైడర్ ఉన్నాడు, పొగాచార్ జట్టులో. పొడుగాటి మనిషి. స్టేజీ మొదలైన కాసేపటికే గుంపు ముందుకొచ్చి గాలికి ఎదురుగా గంటలకొద్దీ లాగుతూనే ఉంటాడు, చేతులు హ్యాండిల్ మీద ఆనించి, నోరు సగం తెరిచి. వెనక పొగాచార్ హాయిగా గాలి తగలకుండా కూర్చుంటాడు. కొండ మొదలవగానే పొలిట్ పక్కకు తప్పుకుంటాడు, టీవీ కెమెరా కూడా ఆయన్ని వదిలేస్తుంది. కాజీపేట అన్న ఆయన్ని కొనుక్కున్నాడు, నాకు అప్పుడు అర్థం కాలేదు. "తమ్మీ, ఇంజిన్ కనబడతది, ట్రాక్ మీద పనిచేసేటోడు కనబడడు" అన్నాడు. రైల్వే మనిషి మరి. అదే జట్టులోని టిమ్ వెలెన్స్ కూడా నాయకుడి కోసం కష్టపడే రైడరే, కార్కసోన్‌లో మాత్రం తనకోసం తొక్కి స్టేజీ గెలిచేశాడు. ఆ సాయంత్రం అన్న డ్యూటీలో ఉన్నాడు, మేమే గ్రూపులో పండగ చేశాం.

పాయింట్లు రోజువారీగా రావడం ఎంత ముఖ్యమో 2025 జిరో, అంటే ఇటలీలో జరిగే మూడు వారాల రేసు, చూపించింది. అన్న బిడ్డ ఐజాక్ డెల్ టోరోను తీసుకుంది. మెక్సికో కుర్రాడు, 21 ఏళ్లవాడు, జట్టుకు అసలు నాయకులు వేరే ఉన్నారు. మేమంతా వద్దన్నాం. తొమ్మిదో స్టేజీలో పింక్ జెర్సీ (జిరోలో ముందున్నవాడిది) వేసుకుని 20వ స్టేజీ దాకా విప్పలేదు. ఆ 20వ స్టేజీలో కోల్లె డెల్లె ఫినెస్త్రే కొండ. డెల్ టోరో, రెండో స్థానంలో ఉన్న కరపాజ్ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు, ఒక నిమిషం 21 సెకన్లు వెనకున్న సైమన్ యేట్స్ వెళ్లిపోయాడు. పైగా ముందే బ్రేక్‌అవేలో వెళ్లిన యేట్స్ జట్టువాడు వౌట్ వాన్ ఆర్ట్ కొండ అవతల లోయలో యేట్స్ కోసం ఆగి, చేరగానే లాక్కెళ్లాడు. 2018లో ఇదే కొండ ఉన్న రోజున పింక్ జెర్సీ పోగొట్టుకున్నవాడు యేట్స్. బావ జట్టులో యేట్స్ ఉన్నాడు, నేనైతే సోఫాలో కూర్చోలేకపోయాను. ఆ పిల్ల రాత్రి మెసేజ్ పెట్టింది: "బాబాయ్, డెల్ టోరో ఏడుస్తడేమో అని భయమేస్తుంది." రేసు యేట్స్‌ది, మా లీగ్ మాత్రం ఆ పిల్లదే, అన్ని రోజులు పింక్‌లో ఉండి పోగేసిన పాయింట్లు ఊరికే పోలేదు.

తక్కువలు లేవని కాదు. స్ప్రింటర్‌కు ఒక్క చోటే ఉండటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఇష్టమైన చోటును ఇంకో స్ప్రింటర్‌కు వాడొచ్చుగానీ అప్పుడు కొండల్లో నష్టపోతాం. సైట్ అంతా ఇంగ్లిషే. కొత్తవాళ్లకు వందకు పైగా రైడర్ల జాబితా చూడగానే తల తిరుగుతుంది, పక్కన తెలిసినవాళ్లు ఒకరుండాలి. మన టైం ప్రకారం స్టేజీలు ఎక్కువగా రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ముగుస్తాయి, అంటే సరిగ్గా అన్నాల వేళ. ఇంట్లో ముందే మాట్లాడి పెట్టుకోండి.

సైక్లింగ్ అసలు చూడని వాళ్లకు ఇది ఎక్కదు, ఆ మాట ముందే చెప్తున్నా. రోజుకు కనీసం చివరి అరగంట చూసే ఓపికుంటే, నలుగురైదుగురు మనవాళ్లు దొరికితే, కళ్లు మూసుకుని చేరిపోండి. ఒకరు మినీ లీగ్ పెట్టి కోడ్ మిగతావాళ్లకు పంపితే సరిపోతుంది. జట్టు మాత్రం వారం ముందే ఖాయం చేసుకోవద్దు, చివరి నిమిషంలో జ్వరమనీ దెబ్బలనీ పేర్లు మారుతుంటాయి, రేసు ముందు రోజు రాత్రి తుది జాబితా చూసి పెట్టండి.