బాలసదనమా, అమ్మమ్మ ఇల్లా: ఏది మేలు?

పరకాల వైపు పల్లె నుంచి ఒక అవ్వ గత నెల మా బడికి వచ్చింది. కొంగు ముడి విప్పి కూతురి మరణ ధ్రువపత్రం తీసింది. మడిచి మడిచి, మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. అల్లుడు అంతకుముందే పోయాడు. వెనక పదకొండేళ్ల మనవరాలు, ఆ పిల్ల చేయి పట్టుకుని ఏడేళ్ల తమ్ముడు.

"సార్, పత్తి ఏరడానికి పోతేనే నాకు పూట గడుస్తుంది. వీళ్లను బాలసదనంలో చేర్పిస్తే మూడు పూటలా అన్నమైనా తింటారు కదా?" అని అడిగింది. దిక్కులేని పిల్లలను ఉంచి పోషించే గృహమే బాలసదనం.

బాలసదనాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. నా అన్నవాళ్లు లేని పిల్లలకు, సొంత ఇంట్లోనే హింసకు గురైన పిల్లలకు ఆ నీడ కావాలి. తిండి, చదువు, వైద్యం అక్కడ దొరుకుతాయి. కానీ ఆడపిల్లలకు ఒక గృహం, మగపిల్లలకు మరొకటి. తల్లి పోయినప్పటి నుంచి ఈ పిల్లవాడు అక్క చున్నీ అంచు పట్టుకుంటే తప్ప నిద్రపోడట. వీళ్లిద్దరినీ రెండు చోట్ల ఎలా పడుకోబెట్టడం? అవ్వ చూసి రావాలన్నా, మన దగ్గర ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ, ఆ రోజు కూలి పోతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా పిల్లలను సంస్థలో ఉంచడం చివరి మార్గమే కావాలంటుంది.

అందుకే నా మొగ్గు స్పాన్సర్‌షిప్ వైపు, అంటే పిల్లలను ఇంట్లోనే పెంచుకోవడానికి నెలనెలా అందే డబ్బు సాయం వైపు. పిల్లల రక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలు, వితంతువుల పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లలు అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇస్తే ఇంటికి వచ్చి విచారిస్తారు. ఇద్దరు పిల్లలకు ఎనిమిది వేలంటే ఈ అవ్వకు చిన్న మొత్తం కాదు. అయితే డబ్బు చేతికి రావడానికి సమయం పడుతుంది. మొదటి నెలల తిండి గురించి ముందే ఆలోచించుకోవాలి.

ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయం, గురుకులం కూడా ఉన్నాయి. ఆరో తరగతికి మనవరాలు కస్తూర్బాలో చేరవచ్చు. సెలవులకు ఇంటికి వస్తుంది కనుక ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. చదువుకు అది మంచి దారి. కానీ తమ్ముడు ఇంకా చిన్నవాడు, ఒక్క ఏడాది ఆగితే బాగుంటుందని నా మనసు చెప్పింది.

ఇప్పటికే బాలసదనంలో బిడ్డను ఉంచినవాళ్లు కూడా ఇంటికి దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. సంస్థ నుంచి కుటుంబం దగ్గరికి తిరిగి వచ్చే పిల్లలకు కూడా ఇదే సాయం వర్తిస్తుంది. ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితిని అడగండి. ఎవరిని అడగాలో తెలియకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

మరుసటి వారం ఆదాయ ధ్రువపత్రం కోసం అవ్వను మీసేవకు తీసుకెళ్లాను. ఆ తర్వాత దరఖాస్తును మనవరాలే నింపింది. బిడ్డతో సంబంధం అన్న గడి దగ్గర కలం ఆపి, "అమ్మమ్మ అని రాయాలా సార్, సంరక్షకురాలు అని రాయాలా?" అని అడిగింది.

రెండూ రాయమన్నాను.