ఎండోమెట్రియోసిస్ తేల్చడానికి ఏది మేలు: లోపలి స్కానా, ఎంఆర్‌ఐనా, లాపరోస్కోపీనా?

నెలసరి వస్తే మంచం దిగలేని అమ్మాయిలు, భర్త దగ్గరికి వెళ్లాలంటేనే నొప్పికి భయపడేవాళ్లు, పిల్లల కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు. విజయవాడ సూర్యారావుపేటలో ఏ స్కానింగ్ సెంటర్ ముందు కూర్చున్నా వీళ్లు కనబడతారు. రేడియాలజిస్టుగా నా గదికి వచ్చేవాళ్లలో కొందరికి ఉన్నది ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట, అండాశయాల్లో, పేగు మీద, మూత్రాశయం మీద పెరగడమే ఈ జబ్బు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంతమందికి ఉన్న జబ్బే అయినా చాలామంది చేతిలో చీటీ మీద ‘అబ్డామిన్ స్కాన్’ అన్న ముక్క తప్ప ఇంకేమీ రాసి ఉండదు.

కడుపులో కెమెరా పెట్టి చూస్తే గానీ, అంటే లాపరోస్కోపీ చేస్తే గానీ ఇది తేలదని చాలాకాలం అనుకున్నాం. మమ్మల్ని చదివించినప్పుడూ అలాగే చెప్పారు. 2022లో యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఈష్రే ఆ మాట మార్చింది. స్కాన్‌లో ఏమీ కనబడనప్పుడో, మందులు పనిచేయనప్పుడో, మందులు వాడే వీలు లేనప్పుడో మాత్రమే నిర్ధారణ కోసం లాపరోస్కోపీ అంది. కాబట్టి ఇప్పుడు పోటీ ముఖ్యంగా రెండు పరీక్షల మధ్యే. ఒకటి యోనిలోంచి ప్రోబ్ అనే సన్నని పరికరం పెట్టి చేసే టీవీఎస్, మనవాళ్లు ‘లోపలి స్కాన్’ అనేది. రెండోది ఎంఆర్‌ఐ.

నా ఓటు ముందు లోపలి స్కాన్‌కే. చవక అన్నది ఒక కారణం. ఎంఆర్‌ఐకి దీనికి నాలుగైదు రెట్లు అవుతుంది. కానీ అసలు కారణం వేరు. ఇది కదిలే బొమ్మ. ప్రోబ్‌తో మెల్లగా నొక్కుతూ, రెండో చేత్తో పొత్తికడుపు మీద అదుముతూ చూస్తాం. ఆరోగ్యంగా ఉంటే గర్భసంచి వెనక వైపు, పేగు ముందు వైపు మడత పెట్టిన పట్టుచీర పొరల్లా ఒకదాని మీద ఒకటి జారతాయి. జబ్బు ముదిరి అతుక్కుపోతే జారవు, రెండూ కలిసే కదులుతాయి. ఆ ఒక్క గుర్తు చాలు, ఆపరేషన్ ఎంత కష్టమో సర్జన్‌కి ముందే తెలిసిపోతుంది. పైగా ఎక్కడ నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వస్తోందో ఆమే చెబుతుంది. ఎంఆర్‌ఐ మిషన్ ఆ మాట అడగలేదు. ఈ జబ్బుతో అండాశయంలో వచ్చే చాక్లెట్ సిస్టుల విషయంలో రెండు పరీక్షలూ దాదాపు సమానం. 2016 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం సిస్టు ఉన్నవాళ్లలో లోపలి స్కాన్ 93 శాతం మందిని, ఎంఆర్‌ఐ 95 శాతం మందిని పట్టుకున్నాయి. పాత రక్తం చేరిన ఆ సిస్టు లోపల అంతా ఒకే రకం మసకగా ఉంటుంది. అలవాటైన కన్ను దాన్ని ఇట్టే పోల్చుకుంటుంది.

కానీ ఇదంతా చూసే చేతిని బట్టి ఉంటుంది, దీన్ని దాచిపెట్టడం తప్పు. పది నిమిషాల్లో గర్భసంచి కొలత, అండాశయాల కొలత రాసి ‘నార్మల్’ అని సంతకం పెడితే, పేగు మీద గడ్డ అలాగే ఉండిపోతుంది. ఎండోమెట్రియోసిస్ కోసం చేసే స్కాన్ వేరే పని. అండాశయాలు కదులుతున్నాయా, గర్భసంచి వెనక ఖాళీ మూసుకుపోయిందా, పేగు గోడ, మూత్రాశయం, గర్భసంచిని వెనక పట్టి ఉంచే లిగమెంట్లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ ఒక క్రమంలో చూడాలి. దానికి ఐడియా అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2016లోనే పద్ధతి రాసిపెట్టింది. అదే సమయంలో పైనుంచి కిడ్నీలు కూడా చూడాలి. మూత్రనాళం చుట్టూ ఈ జబ్బు అల్లుకుంటే కిడ్నీ వాచి, నొప్పి కూడా లేకుండా పాడైపోవచ్చు. ఇది తప్పిపోతే నాకు నిద్ర పట్టదు.

నీళ్లు తాగించి పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌తో సరిపెట్టుకోవచ్చా? పెద్ద సిస్టు ఉంటే అందులోనూ కనబడుతుంది. లోతుగా పాకింది ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి మాత్రం అది చాలదు.

మన దగ్గర అసలు చిక్కు పెళ్లికాని అమ్మాయిలతో వస్తుంది. ‘పాపకి ఇంకా పెళ్లి కాలేదండీ, లోపలి స్కాన్ వద్దండీ’ అని తల్లి తలుపు దగ్గరే అంటుంది. ఆమె టెన్షన్ అర్థమవుతుంది. ఆ అమ్మాయికి ఇష్టం లేకుండా ఎవరూ చేయకూడదు కూడా. ఒక నిమిషం తల్లిని బయట కూర్చోబెట్టి అమ్మాయితో విడిగా మాట్లాడితే, ఏ పరీక్ష కుదురుతుందో ఆమే చెప్పగలదు. లోపలి స్కాన్ వద్దంటే మలద్వారం ద్వారా స్కాన్ చేసే మార్గం ఉంది, కానీ ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఇలాంటి అమ్మాయికి నేనైతే నేరుగా ఎంఆర్‌ఐకే వెళ్లమంటాను. పెళ్లయ్యాక చూద్దాంలే అని నొప్పి మాత్రలతో ఏళ్లు గడిపేయడం నాకు ఏమాత్రం మింగుడుపడని విషయం.

పెళ్లికాని వాళ్లకే కాదు, ఎంఆర్‌ఐ గెలిచే చోట్లు ఇంకా ఉన్నాయి. పేగు, మూత్రనాళం, నడుము నరాల దగ్గరికి జబ్బు పాకిందన్న అనుమానం ఉంటే, ఒకసారి ఆపరేషన్ అయి మళ్లీ నొప్పి వస్తుంటే, స్కాన్‌లో ఏదో ఉందనిపించి తేలకపోతే, ఎంఆర్‌ఐ తీయాల్సిందే. పొత్తికడుపు మొత్తాన్ని ఒకే చూపులో పరుస్తుంది. ఆ ఫిల్ములు సర్జన్ తన ముందు పెట్టుకోవచ్చు, ఇంకో డాక్టరుకి చూపించుకోవచ్చు. రేడియేషన్ లేదు. అరగంట నుంచి ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి, ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. పేగు కదలికలు బొమ్మను చెరపకుండా చాలాచోట్ల ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఒంట్లో పేస్‌మేకర్ లాంటిది ఉంటే ముందే చెప్పాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది: చీటీ మీద ‘ఎండోమెట్రియోసిస్ అనుమానం’ అని రాసి ఉండాలి. కొవ్వు వెలుగును అణచి తీసే ఒక వరస బొమ్మలు లేకపోతే చిన్న రక్తపు మచ్చలు కనబడవు. మామూలు పెల్విస్ ఎంఆర్‌ఐ తీసి పంపిస్తే ఖర్చు దండగ అవుతుంది.

సీటీ స్కాన్ దీనికి తగిన పరీక్ష కాదు. సీఏ 125 రక్తపరీక్ష పెరిగినా తగ్గినా ఈ జబ్బు ఉందనీ లేదనీ చెప్పలేం.

ఇక లాపరోస్కోపీ. పూర్తి మత్తు, పొట్ట మీద చిన్న రంధ్రాలు, ఆసుపత్రి ఖర్చు. కడుపు లోపలి పొర మీద పైపైన ఉండే చిన్న మచ్చల్ని స్కాన్, ఎంఆర్‌ఐ రెండూ నమ్మకంగా పట్టలేవు. అవి కెమెరాకే దొరుకుతాయి, ముక్క తీసి పరీక్షకి పంపే వీలూ ఉంటుంది. అందుకే రిపోర్టు నార్మల్ అని వచ్చినా ‘నీకేం లేదు, మనసులోనే ఉంది’ అని ఏ ఆడపిల్లకీ చెప్పకూడదు. మందులు వాడి చూడాలి, లొంగకపోతే అప్పుడు కెమెరా. నాకు అభ్యంతరమల్లా, లోపల ఏముందో ముందు చూసుకోకుండా ‘ఒకసారి చూసొద్దాం’ అని వెళ్లే ఆపరేషన్ మీదే. తీరా చూస్తే పేగుకి అతుక్కుని ఉంటుంది, పేగు సర్జన్ థియేటర్‌లో ఉండడు, కుట్లు వేసి బయటికొస్తారు. ఆమెకి మళ్లీ ఇంకో మత్తు, ఇంకో ఆపరేషన్.

గుంటూరు కొత్తపేటలో చూపించుకున్నా, విజయవాడలో చూపించుకున్నా, మంగళగిరి ఎయిమ్స్‌కి వెళ్లినా, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు రిపోర్టులో ఈ నాలుగూ ఉన్నాయో లేదో అడగండి: గర్భసంచి వెనక పేగు జారుతోందా, పేగు మీద గడ్డ ఉంటే ఎంత పొడవు, మలద్వారానికి ఎంత దూరం, కిడ్నీలు వాచాయా. పిల్లలు కావాలనుకునేవాళ్లకి అండాశయం మీద సిస్టు తీసే ముందు అండాల నిల్వ అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష కూడా చేయించమనండి, ఎందుకంటే ఆ ఆపరేషన్‌తో ఆ నిల్వ తగ్గే అవకాశం ఉంది. పేగు దాకా వెళ్లిందని రిపోర్టు చెబితే, ఆ రోజు థియేటర్‌లో పేగు సర్జన్ కూడా ఉంటారా అని సూటిగా అడగండి.